నగరంలోని చెట్టుకు చదువుకున్న చేయి కావాలి

రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోని మలంచాలో తరతరాలుగా ఉంటున్నాయి. అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని అరబారిలో 1970ల తొలినాళ్లలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒక ప్రయోగం చేశారు. గ్రామస్థులకు పనితోపాటు కలప ఆదాయంలో 25 శాతం వాటా దక్కుతుందన్నారు. క్షీణించిన సాల అడవి తిరిగి చిగురించింది. అడవికి కాపలా మనుషులేనని ఆ జిల్లా దేశానికి చూపింది.

మరి పట్టణంలోని చెట్టుకు ఎవరు దిక్కు? 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో వేల చెట్లను కూల్చింది. ఆ తర్వాత త్వరగా పెరుగుతాయని ఏడాకులపాల మొక్కలు విరివిగా నాటారు. అవి పూతకొచ్చాక ఘాటు వాసన భరించలేమని జనం మొరపెట్టుకున్నారు. జాతిని ఎంచుకోవడం కూడా శాస్త్రమే.

చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. అయితే వేరు ఎటు పోయిందో తెలియని చేతిలో ఆ గునపమే చెట్టుకు గొడ్డలి అవుతుంది.

కొమ్మలు కొట్టడానికి చదువెందుకని కొందరంటారు. తప్పుగా నరికిన చోట తెగులు చేరుతుంది, గాలివానకు ఆ చెట్టే ఇంటిమీద పడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం రెండేళ్ల చదువుకూ డిప్లొమా ఇవ్వవచ్చంది. నేల, వేరు, కత్తిరింపు, తెగుళ్లు నేర్పే నగర వనశాస్త్ర కోర్సును ఆ చట్రంలో పెట్టాలి. పురపాలికలు, రైల్వేలు ఆ పట్టాకు కొలువు చూపాలి. అప్పుడే మలంచా పిల్లలకూ రైలు కాక మరో దారి కనిపిస్తుంది.