బాత్రూం కాని చోటు ఒకటి

పసిపిల్ల తల్లి మళ్ళీ డ్యూటీలో చేరిన మొదటి వారం ఎలా గడుస్తుందో చేరినవాళ్ళకే తెలుసు. ఇంట్లో అత్తగారి ఒళ్ళో పాప గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఇక్కడ పదకొండయ్యేసరికి తల్లికి రొమ్ములు రాళ్ళలా గట్టిపడతాయి. జాకెట్టు తడుస్తుంది. పమిట నిండుగా లాక్కుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుని బాత్రూంలోకి పరుగెడుతుంది. ఆ వాసనలో, ఆ తడి నేల మీద నిలబడి పాలు పిండి, పారబోసి, ఓ చెంబెడు నీళ్ళు కొట్టి వచ్చి మళ్ళీ కౌంటర్ దగ్గర నవ్వుతూ నిలబడుతుంది. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో పాపకి డబ్బా పాలు కలుపుతుంటారు. చోద్యంగా లేదూ?

మా లాల్‌దర్వాజా గల్లీల్లోంచి రోజూ పొద్దున్నే ఎంతమంది ఆడవాళ్ళు పనికి బయల్దేరతారో! శాలిబండ మీదుగా చార్మినార్ దాకా వెళ్ళి అక్కణ్ణించి పత్తర్‌గట్టీ, మదీనా బట్టల దుకాణాలకి కొందరు, గుల్జార్ హౌజ్ నగల కొట్లకి కొందరు. కోఠీ వైపు ఆఫీసులకి, ఆసుపత్రులకి వెళ్ళేవాళ్ళున్నారు. బస్సులు మారి హైటెక్ సిటీ దాకా వెళ్ళే కంప్యూటర్ పిల్లలూ ఉన్నారు. వీళ్ళలో చాలామందికి పురుడు పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలోనే. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దని నర్సమ్మ చెబుతుంది. బంగారం లాంటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఆ తర్వాత కూడా రెండేళ్ళదాకా మిగతా తిండితో పాటు తల్లిపాలు ఇవ్వొచ్చంటుంది. కానీ ఈ మాట బాలింతకి చెప్పినంత గట్టిగా ఆమె పనిచేసే దుకాణం సేటుకి ఎవరు చెప్పారు?

"ఏం జేయాల్నక్కా, సేటుకు చెప్పనీకి సిగ్గయితది. బాత్రూంల పిండి పారబోస్తున్న. పదిరోజులైతే అవే ఎండిపోతయంట గదా!" ఇలాంటి మాట మా వైపు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. నిజమే, ఎండిపోతాయి. పాల సంగతి బావిలాంటిది, తోడుతుంటేనే ఊరుతుంది. పిల్ల తాగినా, చేత్తో పిండినా, పంపు పెట్టినా రొమ్ముకి అందే కబురు ఒకటే... ఇంకా కావాలని. ఎనిమిది గంటలు అలా వదిలేస్తే 'ఇక అక్కర్లేదు' అన్న కబురు పోతుంది. ఈలోగా గడ్డలు కట్టడం, నొప్పి, చలిజ్వరం. అదృష్టం బాగుండకపోతే చీము పట్టి కోత దాకా వెళుతుంది. ఇదంతా సిగ్గు ఖరీదు!

చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో కూడిన సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. ఇప్పుడది 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై ఆరు వారాలంటే ఆరు నెలలు, లెక్క సరిపోయిందిగా అనుకుంటాం. కాస్త ఆగండి. అందులో ఎనిమిది వారాలదాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. నెలలు నిండాక కాళ్ళవాపులతో బస్సెక్కలేక ఆ ఎనిమిదీ వాడేసుకున్న అమ్మాయికి కాన్పయ్యాక మిగిలేది పద్దెనిమిది వారాలు. అంటే నాలుగు నెలలు దాటీ దాటకుండా పాపని వదిలి రావాలి. ఇది చట్టం వర్తించే భాగ్యవంతుల సంగతి. పదిమంది కూడా పనిచేయని దుకాణాలకి ఆ చట్టం వర్తించదు. మా పాతబస్తీలో దుకాణం అంటేనే ఓ సేటు, ఓ మునీం, నలుగురు సేల్స్ పిల్లలు! వాళ్ళకి సెలవూ లేదు, జీతమూ లేదు. రెండు నెలలకో మూడు నెలలకో, ఉన్న పని కూడా పోతుందన్న భయంతో వచ్చేస్తారు. రోజుకూలీ ఆడవాళ్ళకీ ప్రసూతి ప్రయోజనాలు దక్కాలని సుప్రీంకోర్టు ఢిల్లీ కార్పొరేషన్ కేసులో 2000 సంవత్సరంలోనే చెప్పింది. ఆ వెలుగు ఇంకా మా గల్లీల దాకా రాలేదు.

పనిలో చేరాక ఏముంది? బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. మామూలు భోజన విరామం కాక ఇది అదనం. యాభైమంది ఉన్నచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. కాగితం మీద చదువుతుంటే కళ్ళు చల్లబడతాయి. కానీ పాప లాల్‌దర్వాజాలో నాయనమ్మ దగ్గరుంది, తల్లి మాదాపూర్‌లో ఏడో అంతస్తులో ఉంది. ఆ విరామంలో ఆమె ఏం చేయాలి? పాలు పిండి దాచుకోవడం తప్ప వేరే దారి లేదు. ఆ సంగతి మాత్రం చట్టంలో ఒక్క ముక్క కూడా లేదు! "బిడ్డకి పాలివ్వడానికి" అన్నారే గానీ, బిడ్డ దగ్గర లేనప్పుడు పాలు పిండుకోవడానికి చోటివ్వాలని ఎక్కడా అనలేదు.

అమెరికాలో మన తెలుగమ్మాయిలు ఎంతోమంది ఉద్యోగాలు చేస్తున్నారు కదా. దేశం మొత్తానికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు ప్రైవేటు ఉద్యోగినులకి అక్కడ లేనే లేదు. ఆ విషయంలో వాళ్ళకన్నా మనమే నయం. కానీ 2010లో వాళ్ళొక మాట చట్టంలో రాసుకున్నారు. 2022 డిసెంబరులో దాన్ని ఇంకా చాలామంది ఉద్యోగినులకి విస్తరించారు. బిడ్డ పుట్టిన ఏడాదిదాకా పాలు పిండుకోవడానికి సమయం ఇవ్వాలి, దాంతోపాటు ఎవరికీ కనబడని, ఎవరూ తోసుకురాని, 'బాత్రూం కాని' చోటు ఒకటి చూపాలి. గమనించారా? బాత్రూం కాని చోటు అని చట్టంలోనే రాసుకోవాల్సి వచ్చింది. అంటే మగమహారాజులకి మొదట తట్టేది ఏ దేశంలోనైనా బాత్రూమేనన్నమాట!

మన సుప్రీంకోర్టు కూడా 2025 ఫిబ్రవరిలో, పబ్లిక్ స్థలాల్లో పాలిచ్చే గదులు, శిశు కేంద్రాలు పెట్టమన్న కేంద్రం సూచనల్ని పాటించాలని రాష్ట్రాలకి చెప్పింది. సంతోషం. బస్టాండులో గది వస్తే పిల్లని ఎత్తుకుని ప్రయాణం చేసే తల్లికి మేలే. మరి పిల్లని ఇంట్లో వదిలి కౌంటర్ వెనకాల నిలబడిన తల్లి మాటేమిటి? కూర్చోవడానికి కుర్చీ అడిగే హక్కు కోసమే కేరళ సేల్స్ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో అక్కడ చట్టం మారింది. తమిళనాడులో 2021లో వచ్చింది. కుర్చీకే ఇంత తంటా అయితే ఇక గదా అని మీరు నవ్వొచ్చు.

నేనడిగేది గది కాదు. గది అనగానే సేటు అద్దె లెక్క చెబుతాడు. ఓ కుర్చీ, ఓ పరదా, లోపలి నుంచి ఓ గడియ, చేతులు కడుక్కోవడానికి ఓ కుళాయి. అంతే! పరదా కట్టడం పాతబస్తీకి ఎవరైనా నేర్పాలా? పెళ్ళి దావత్ అయితే ఫంక్షన్ హాలుని క్షణంలో రెండు చేసేస్తారు. గిరాకీ వస్తే ఇవ్వడానికి కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టుకున్న దుకాణంలో ఓ చిన్న స్టీలు డబ్బాకి చోటు లేదా? ఇక సమయం మాట. పిండుకోవడానికి పట్టేది పదిహేను, ఇరవై నిమిషాలు. రోజుకి రెండుసార్లు. చాయ్ తాగొస్తానని ఇరానీ హోటల్‌కి వెళ్ళే మగ సేల్స్‌మన్‌ని వాచీ పట్టుకుని ఎవరైనా లెక్కేశారా? అతని చాయ్‌కి దొరికే సమయం ఆమె బిడ్డ పాలకి దొరకదా?

యజమానుల గోడు కూడా ఒకటుంది, అది కూడా చెప్పుకోవాలి. ఈఎస్ఐ వర్తించని చోట ఆ ఇరవై ఆరు వారాల జీతం భారమంతా యజమాని మీదే. అందుకని కొందరు పెళ్ళైన పిల్లల్ని పనిలో పెట్టుకోవడానికే వెనకాడతారు. ఆ భారంలో సర్కారు వాటా తీసుకోవాలని నా అభిప్రాయం. కానీ పరదాకయ్యే ఖర్చు చూసి ఎవరూ దివాళా తీయరు కదా!

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఎక్కువ. "పిండిన పాలు పిల్లకి పడతారా, ఛీ!" అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ ఊళ్ళోనో ఏ గేదెకో ఎవరో పిండిన పాలు ప్యాకెట్లో వస్తే కళ్ళకద్దుకుని కాచుకుంటాం. సొంత కోడలి పాలు ఫ్రిజ్‌లో పచ్చడి సీసా పక్కన పెడితే మాత్రం మొహం చిట్లిస్తాం. ఎండలోంచి వచ్చిన తల్లి పాలు వేడి చేస్తాయనీ, పొద్దుటి నుంచి నిలవున్న పాలు రొమ్ములోనే పులుస్తాయనీ ఇంకో మాట. పులవవమ్మా! రొమ్ములో ఉన్న పాలు చెడిపోవు. వచ్చీ రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని, మంచినీళ్ళు తాగి బిడ్డని పట్టుకోవచ్చు. తొలిపాలు పిండి పారెయ్యక్కర్లేదు.

పంపు కొనలేకపోతే చెయ్యే చాలు. సబ్బుతో చేతులు కడుక్కుని, బొటనవేలూ చూపుడువేలూ నల్లటి వలయానికి కాస్త వెనక ఆనించి, ముందు గుండె వైపు నొక్కి తర్వాత వేళ్ళు దగ్గరికి తేవాలి. చనుమొనని లాగితే నొప్పే తప్ప పాలు రావు. మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలో పట్టి, మూత పెట్టి, మీద తేదీ, వేళ రాసుకోవాలి. ఇరవై అయిదు డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటలదాకా, ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులదాకా వాడుకోవచ్చని అమెరికా సీడీసీ లెక్క. మన ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో ఆ నాలుగు గంటల మాట మర్చిపోండి! ఐస్ ప్యాకులు పెట్టిన సంచి ఉంటే ఒకరోజు దాకా నిలవుంటాయి. పైన మీగడలా తేలితే పాలు విరిగాయని పారబోయకండి, మెల్లగా కదిపితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచొద్దు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నె ఉంచితే చాలు. పాప తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పనికిరావు. సీసా, పీక కొనక్కర్లేదు. అమ్మమ్మ ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె అటక మీద ఉంటే దింపి మరిగించండి, లేదంటే చిన్న గ్లాసు, చెంచా. సీసా శుభ్రం చేయడం కంటే గ్లాసు కడగడమే తేలిక.

ఇంత చేసినా కొందరికి పాలు చాలవు, కొందరి పని అసలు ఊపిరాడనివ్వదు. అలాంటి తల్లి డాక్టరు చెప్పినట్టు డబ్బా పాలు పడితే ఆమెని వేలెత్తి చూపే అధికారం ఎవరికీ లేదు. నా కోపం పిండిన పాలని మురికి కాలవలోకి పంపే ఏర్పాటు మీద.

ఎందుకంటే ఆ పాలకి విలువ కట్టినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు పెట్టారు. ఆసియాలోనే మొదటిది ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. తల్లులు ఇచ్చిన పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంటసేపు వేడిచేసి, పరీక్షించి, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి చుక్కల లెక్కన పడతారు. ఇవ్వాలనుకునే తల్లికి ముందు రక్తపరీక్షలు చేస్తారు. అక్కడ చెంచాలతో కొలిచే పాలని మనం బాత్రూంలో చెంబెడు నీళ్ళు కొట్టి పంపేస్తున్నాం!

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. అంగన్‌వాడీల్లో సభలు, బ్యానర్లు ఉంటాయి. అంతకుముందో ఆ చుట్టుపక్కలో ఆషాఢ బోనాలు. మా సింహవాహిని అమ్మవారి గుడి ముందు పసిపిల్లల్ని చంకనేసుకుని వరసలో గంటలకొద్దీ నిలబడే తల్లులని చూస్తుంటాం. రెండు బెంచీలు, నాలుగువైపులా పరదా, ఓ మంచినీళ్ళ కుండ... గుడి కమిటీ పెద్దల్ని అడుగుదాం. అడిగితే కాదనరని నా నమ్మకం. దుకాణాల్లో మాత్రం ఒక్కరే వెళ్ళి అడగడం కష్టం. ముగ్గురు నలుగురు కలిసి, గిరాకీ లేని మధ్యాహ్నం చూసుకుని కదపండి. పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిడతో మొదలుపెట్టించండి.

మీరు పనిచేసే చోట ఎలా ఉందో రాయండి. బాత్రూంలో కాకుండా ఇంకెక్కడైనా కూర్చునే వీలుంటే అది కూడా రాయండి. ఆ చోటు ఎవరు ఇచ్చారో, అడిగినప్పుడు మొదట ఏమన్నారో కూడా.