తూటా పన్నుతో బతికిన పక్షి

వేటగాళ్ళు ఇచ్చిన డబ్బుతో ఒక పక్షిజాతి బతికి బట్టకట్టిందంటే మీకు నమ్మబుద్ధి కాదు. కాని ఉత్తర అమెరికాలోని అడవి టర్కీ కోడి విషయంలో జరిగింది అదే. ఇందులో వేటగాళ్ళను మెచ్చుకోవలసింది ఎంత, మెచ్చుకోకూడనిది ఎంత అన్నదే నేను మీతో మాట్లాడదలచిన విషయం.

టర్కీ కోడి మనవాళ్ళకు పెంపుడు పక్షిగానే తెలుసు. 1612లో జహంగీరు చక్రవర్తికి గోవా నుంచి వచ్చిన వింతలలో ఇదీ ఒకటి. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని బొమ్మ గీశాడు. పేరు టర్కీయే గాని, ఆ దేశానికీ దీనికీ పుట్టుసంబంధం ఏమీ లేదు. అడవి టర్కీ మన పెరటి పక్షిలా మందకొడిది కాదు సుమా! చిన్న అలికిడికే లేచి చెట్ల మధ్య నుంచి దూసుకుపోతుంది. రాత్రిళ్ళు ఎత్తయిన కొమ్మల మీద నిద్రపోతుంది. పెట్ట మాత్రం నేలమీద, గడ్డి చాటున పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. అక్కడే దానికి ప్రమాదం.

వలస వచ్చిన ఐరోపావాళ్ళు అడవులు నరికారు. అంగడిలో అమ్మకానికి లెక్కాపత్రం లేకుండా పక్షుల్ని కాల్చారు. మసాచుసెట్స్‌లో 1851 నాటికే ఆఖరి పక్షి పోయింది. 20వ శతాబ్దం వచ్చేసరికి చాలా రాష్ట్రాలలో ఇది కనబడకుండా పోయింది.

1937లో అమెరికా ఒక చట్టం చేసింది. పిట్‌మన్, రాబర్ట్‌సన్ అనే ఇద్దరు చట్టసభ సభ్యుల పేర్లతో దాన్ని పిలుస్తారు. వేట తుపాకుల మీద, తూటాల మీద పన్ను అప్పటికే ఉండేది. అది సర్కారు ఖజానాలో కలిసిపోయేది. ఇకపై ఆ సొమ్ము వన్యప్రాణుల కోసమే ఖర్చు కావాలని ఈ చట్టం చెప్పింది. ఒక పనికి రాష్ట్రం పావువంతు పెట్టుకుంటే తక్కిన ముప్పావు ఈ నిధి నుంచి వస్తుంది. అయితే ఒక షరతు. వేట లైసెన్సుల రుసుమును రాష్ట్రం వన్యప్రాణి శాఖకు తప్ప మరో పనికి మళ్ళించకూడదు. మళ్ళిస్తే నిధి ఆగిపోతుంది. పన్ను వేయడం ఏ ప్రభుత్వానికైనా చేతనవును. పెట్టెకు తాళం వేసుకోవడమే కష్టం. నన్నడిగితే, టర్కీ కోడిని బతికించింది తుపాకి కాదు, ఈ తాళం.

డబ్బు ఉన్నా పని వెంటనే కుదరలేదు. మొదట్లో గుడ్లను పొదిగించి, పంజరాలలో పెంచిన పిల్లల్ని అడవిలో వదిలారు. అవి నక్కలకూ డేగలకూ ఫలహారమయిపోయాయి. ఎందుకంటారా? తల్లి వెంట తిరగని పిల్లకు ఏ చప్పుడుకి పారిపోవాలో ఎవరు చెబుతారు? అప్పుడు అసలైన అడవి పక్షుల్నే పట్టి, లేనిచోటికి తరలించాలనుకున్నారు. కాని ఈ పక్షి బోనులో పడే రకం కాదు. మొక్కజొన్న గింజలు చల్లి, పక్షులు మూగగానే చిన్న ఫిరంగులతో పెద్ద వలను వాటి మీదికి విసిరే పద్ధతి 1951లో దక్షిణ కరోలినాలో ఫలించింది. 1952లో మిస్సోరీ రాష్ట్రంలో 2,500 లోపే మిగిలిన ఈ పక్షులు, 1954 నుంచి ఇలా తరలిస్తూ రాగా రాష్ట్రమంతా పాకాయి. తర్వాత మిస్సోరీ తన టర్కీలను కెంటకీకి ఇచ్చి బదులుగా నీటికుక్కలను తెచ్చుకుంది కూడా! నేడు అమెరికాలో అడవి టర్కీలు సుమారు 60 లక్షలు. అలాస్కా తప్ప అవి లేని రాష్ట్రం లేదు.

ఇక వేట సంగతి. వసంతకాలంలో తెల్లవారకముందే వేటగాడు చెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చుంటాడు. టర్కీ రెక్క ఎముకతోనో చెక్కపెట్టెతోనో పెట్ట గొంతును అనుకరిస్తాడు. పుంజు బదులు పలుకుతుంది. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి, కూతురికి వస్తుంది. సాధారణంగా ఈ కాలంలో పుంజులనే కాల్చనిస్తారు. ఒక పుంజు అనేక పెట్టలతో జతకడుతుంది గనుక, కొన్ని పుంజులు పోయినా వచ్చే ఏటి పిల్లలు తగ్గవన్నది లెక్క. పక్షి గొంతులోని తేడాలు ఇంతగా తెలిసినవాడు అది లేని అడవిని సహించలేడు. ఈ సంప్రదాయం నిలవాలనే నేనూ అంటాను. చంపడం అందరికీ నచ్చదు, నిజమే. నచ్చాలని నేను అనను.

కాని "వేట వల్లే పక్షులు పెరిగాయి" అనేవారితో నేను ఏకీభవించను. వదిలేసిన పొలాలలో అడవి మళ్ళీ మొలవడం కూడా అందుకు సాయపడింది. పైగా డబ్బిచ్చినవాడు కోరిన జంతువుకే ముందు విస్తరి పడుతుంది. కప్పకీ పిచుకకీ తూటా పన్ను కట్టేదెవరు? అందుకే మిస్సోరీ ప్రజలు 1976లో ఓటు వేసి మరో దారి తొక్కారు. అక్కడ ఎనిమిది డాలర్ల సరుకు కొంటే ఒక సెంటు వన్యప్రాణులకు, అడవులకు పోతుంది. వేటాడేవాడూ ఇస్తాడు, పక్షి పాట వినేవాడూ ఇస్తాడు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది.

మన దేశం 1972 చట్టంతో వేట మాన్పించే దారి పట్టింది. అది తప్పని అనను. కాని రోళ్ళపాడు గడ్డిమైదానాల బట్టమేక పక్షిని చూడండి. దాన్ని కాల్చడం నేరమే. అయినా దేశమంతటా సుమారు 150కి మించి మిగలలేదు. గడ్డినేల కరిగిపోతూంటే నిషేధం ఒక్కటే ఏం చేయగలదు?

టర్కీల కథ కూడా సుఖాంతమేమీ కాలేదు. ఈ శతాబ్దంలో ఆగ్నేయ రాష్ట్రాలలో అవి మళ్ళీ తగ్గుతున్నాయి. గూళ్ళు దెబ్బతినడమా, పురుగులు దొరక్క పిల్లలు చనిపోవడమా, జతకట్టే వేళకు ముందే పుంజుల్ని కాల్చడమా అని శాస్త్రజ్ఞులు వాదించుకుంటున్నారు. అలబామా, టెనెసీ వంటి రాష్ట్రాలు వేట మొదలయ్యే రోజును వెనక్కి జరిపాయి. పెట్టల వీపున చిన్న రేడియోలు కట్టి వాటి గూళ్ళను వెతుకుతున్నారు. ఇలాంటి పరిశోధనలకు 1937 నాటి ఆ పన్ను డబ్బు ఇప్పటికీ అందుతూనే ఉంది.