వాట్సాప్‌ను బడి నుంచి వెలివేయొద్దు



సామాజిక మాధ్యమాలు చదువును పాడుచేస్తున్నాయంటూ మీ పత్రికలో గతవారం వచ్చిన వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. ధ్యాస చెదురుతుందన్నది నిజం. అందుకని బడి దరిదాపుల్లోకే రానివ్వొద్దనడం అన్యాయం.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాక తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు వచ్చాయి. టీవీ పాఠం చెప్పగలదు కానీ పిల్లల సందేహం వినలేదు. ఆ లోటు పూడ్చింది వాట్సాప్ గ్రూపులే. పిల్లలు లెక్క చేసి ఫొటో పంపితే, ప్లస్ మైనస్‌లు ఎక్కడ తారుమారయ్యాయో వాయిస్ మెసేజ్‌లో చెప్పేవాళ్లం. తరగతిలో నలుగురి ముందు నోరు విప్పనివాళ్లు అక్కడ ధైర్యంగా అడిగారు. వాట్సాప్ ఒక్కటే కాదు, ఆన్‌లైన్ పాఠాల సంస్థ ఖాన్ అకాడమీ ఎదిగిందీ 2006లో యూట్యూబ్‌లో పెట్టడం మొదలైన వీడియోలతోనే.

వ్యాసకర్త అసలు చిక్కులను ముట్టుకోలేదు. చాలా ఇళ్లలో ఉండేది ఒకే ఫోను, అదీ నాన్నతోపాటు పనికి వెళ్లిపోతుంది. గ్రూపులో ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. వీటికి విద్యాశాఖ నియమాలు పెట్టాలి. గ్రూపులో తల్లిదండ్రుల నంబర్లే ఉండాలి, రాత్రిపూట మెసేజ్‌లు ఆపాలి, ఫోను లేని పిల్లలకు అదే పాఠం మర్నాడు తరగతిలో మళ్లీ చెప్పాలి.

– ఒక లెక్కల టీచరు, వరంగల్