సున్నా ఒక్కటే కాదు, మైనస్ ఒకటీ ప్రమాదమే
భాగహారంలో సున్నాకు కాపలా పెట్టి నిశ్చింతగా ఉండటం కెర్నల్ రాసేవారికి తగదు. 32 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో −2147483648 నుంచి 2147483647 దాకానే పడుతుంది. ఆ కనిష్ఠాన్ని −1తో భాగిస్తే జవాబుకు చోటు చాలదు. ఆర్మ్ ప్రాసెసర్ అదే కనిష్ఠాన్ని మౌనంగా తిరిగిస్తుంది. ఎక్స్86 మాత్రం సున్నాతో భాగించినప్పటి ఎక్సెప్షన్‌నే లేపుతుంది. కెర్నల్ లోపల అది జరిగితే యంత్రమంతా కూలిపోవచ్చు. ఇంత అరుదైన జంట ఎక్కడ తగులుతుందని కొందరంటారు. కానీ బయటి ప్రోగ్రామ్ పంపే విలువలను దాడి చేసేవాడు ఏరి మరీ ఎంచుకుంటాడు. బయటి ప్రోగ్రామ్‌లను కెర్నల్ లోపల నడిపే లినక్స్ ఈబీపీఎఫ్‌లో 2024లో బయటపడిన లోపం సరిగ్గా ఇదే, అదీ సున్నా తనిఖీ ఉండగానే. భాజకం −1 అయితే భాగించకుండా గుర్తు మార్చేలా, శేషం సున్నా అయ్యేలా సరిదిద్దారు. వేగం తగ్గుతుందన్న అభ్యంతరమూ నిలవదు: భాగహారానికి పట్టే సమయం ముందు ఒక్క పోలిక లెక్కలోకి రాదు.