సారె ఇచ్చారు సరే, పిడి సంగతేమిటి?

చెయ్యి తిరిగిన కుమ్మరికి సారె మీద టీ కప్పు తీయడానికి రెండు నిమిషాలు పట్టదు. దానికి పిడి చేసి, వంచి, అతికించి, అతుకు నున్నచేసేసరికి ఐదారు నిమిషాలు పోతాయి. మా అన్నయ్య కూతురు రాజమండ్రి, విశాఖ కాఫీ హోటళ్లకు మట్టి కప్పులు పంపుతుంది. ఆర్డరు వచ్చిన రోజున కప్పులు మధ్యాహ్నానికే అయిపోయేవి, పిడులు మాత్రం రాత్రి లైటు కింద సాగుతూనే ఉండేవి. అంత కష్టపడ్డా ఒకటి లావు, ఒకటి సన్నం. హోటలాయన ఫోను చేశాడంటే కప్పు గురించి కాదు, పిడి గురించే.

మాది కుమ్మరి కుటుంబం. నాన్న కర్రతో సారె తిప్పేవాడు. అన్నయ్య ఆ పనిలోనే ఉండిపోయాడు. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. మట్టి సంగతి ఆయనకు తెలుసు, ఇనుము సంగతి నాకు తెలుసు. ఈ రెండూ కలిస్తే ఏం తయారవుతుందో ఇప్పుడు మా ఇంటి వెనక పాకలో తాటి స్తంభానికి బిగించి ఉంది.

దాని గురించి చెప్పే ముందు ఒక ఫిర్యాదు. కుమ్మరికి సాయం చేద్దామని ఎవరికి అనిపించినా ముందు గుర్తొచ్చేది కరెంటు సారె. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ మిషన్ మొదలుపెట్టి కరెంటు సారెలు, మట్టి కలిపే యంత్రాలు పంచుతోంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తులుంటే కుమ్మరం అందులో ఒకటి, పనిముట్ల కోసం 15 వేల రూపాయల వోచరు ఇస్తారు. వీటిని నేను తప్పుపట్టను. సారె తిప్పి తిప్పి భుజం పోగొట్టుకున్న మనిషి కొడుకుని, కరెంటు మోటారు విలువ నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కానీ సారె గుండ్రటి వస్తువునే తీస్తుంది. ఇవాళ బజారు అడుగుతున్న వాటిలో సగం గుండ్రంగా ఉండవు. కప్పు పిడి, పలక అంచుకు కట్టే పట్టీ, చదరపు పూలగొట్టం, అగరుబత్తి స్టాండు, గోడకు అతికించే జాలీ ముక్క, వీటికి సారె ఏం చేస్తుంది? కుండ చేసే వేగం పెంచి, మిగతా పనంతా వేళ్ల మీదే వదిలేశాం.

ఆ మిగతా పనికి ఉన్న యంత్రం పేరు ఎక్స్‌ట్రూడర్. మా ఇంట్లో మట్టి ప్రెస్సు అంటాం. మా వదిన దాన్ని చూసిన రోజే తేల్చేసింది: "జంతికల గొట్టానికి ఇంత హడావుడా మరిదీ?" నిజమే. ఒక గొట్టం, లోపలికి దిగే పిస్టను, అడుగున బిళ్ల. బిళ్లకు కన్నం ఏ ఆకారంలో ఉంటే మట్టి ఆ ఆకారంలో దిగుతుంది. పిండికి చేతి బలం చాలు, మట్టికి చాలదు, అంతే తేడా. విదేశాల్లో దీన్ని గోడకు బిగించుకునేలా తయారుచేసి కొన్ని వందల డాలర్లకు అమ్ముతారు. రవాణా, సుంకం కలిపితే మన దగ్గర ఒక చిన్న కుమ్మరి ఇల్లు పెట్టగల ఖర్చు కాదది. పాత ఇనుము కొట్టులో పైపు, రాడ్డు, యాంగిల్ ముక్కలు ఏరుకుని, వెల్డింగ్ కూలీ ఇచ్చి మేం చేయించుకున్నది నాలుగు వేల లోపే తేలింది.

అందరూ పొరపడే చోటు గొట్టం కొలత. పెద్ద గొట్టమైతే పెద్ద పని చేస్తుందనుకుంటారు. లెక్క చూడండి. నాలుగంగుళాల గొట్టం లోపలి వైశాల్యం దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. నాలుగడుగుల ఇనుప మీటకు ఒక కొస స్తంభం దగ్గర కీలు, ఆ కీలుకు నాలుగంగుళాల దూరంలో పిస్టను రాడ్డు. రెండో కొస మీద మనం వేసిన బరువు పిస్టను దగ్గర పన్నెండు రెట్లవుతుంది. మా అన్నయ్య కూతురు 40 కిలోల బరువు ఆనిస్తే పిస్టను మీద 480 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు. మెత్తటి మట్టికి, వెడల్పాటి కన్నానికి సరిపోతుంది. గట్టి మట్టిని సన్నటి కన్నంలోంచి దింపాలంటే సరిపోదు. అప్పుడు మీట పొడవు పెంచుదామంటారు. అక్కర్లేదు, గొట్టం తగ్గించాలి. మూడంగుళాల గొట్టం వైశాల్యం 45 చదరపు సెంటీమీటర్లే. అదే మీట, అదే మనిషి, ఒత్తిడి మాత్రం 10 కిలోలు దాటుతుంది. ఆడపిల్ల ఒక్కతే నడపాల్సిన ప్రెస్సుకు మూడంగుళాలే నా ఓటు.

పిస్టను రాడ్డుకు అంగుళానికో రంధ్రం వేయించాలి. మీట ఒకసారి కిందికి దిగితే పిస్టను నాలుగంగుళాలే దిగుతుంది, ఆ తర్వాత పిన్ను తీసి పై రంధ్రంలోకి మార్చుకుంటూ పోవాలి. పిన్నుకు మేకు ముక్క పెట్టే తెలివితేటలు వద్దు. అది తెగిందంటే మీట మీద వాలిన మనిషి మూతి వెళ్లి స్తంభానికి తగులుతుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు పెట్టండి.

పీవీసీ పైపు వాడకూడదా అని మా ఊళ్లో రైతులే అడిగారు. ఆ పైపు మీద అచ్చేసే 4 కేజీ, 6 కేజీ అన్న గుర్తు చదరపు సెంటీమీటరుకు అది ఓర్చుకునే ఒత్తిడి. నీళ్లకు చెప్పిన లెక్కే మట్టికీ వర్తిస్తుంది. పైన చెప్పిన నాలుగంగుళాల ప్రెస్సులో 6 కేజీల పైపు సరిగ్గా అంచు మీద ఉంటుంది, మూడంగుళాలకు వస్తే దాటిపోతుంది. మీట బదులు రెండు టన్నుల కారు జాకీ పెట్టే వాళ్లున్నారు. నాలుగంగుళాల పిస్టను మీద అది చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి పీవీసీ పగిలితే ముక్కలు ముఖం మీదికే వస్తాయి. ఇనుప పైపే వాడండి. జీఐ పైపైతే వెల్డింగ్ పడే చోట జింకు పూతను గ్రైండరుతో పూర్తిగా తీసేయాలి, లేదంటే ఆ తెల్ల పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పైపు లోపల పొడుగునా ఉండే అతుకు గట్టును ఆకురాయితో రాకి చదును చేయాలి. ఎర్రమట్టికి ఇనుప తుప్పుతో ఇబ్బంది లేదు, రంగులో కలిసిపోతుంది. తెల్లమట్టితో పని చేసేవాళ్లు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుకు వెళ్లక తప్పదు, తుప్పు రేణువు ఒక్కటి చేరినా కాల్చాక గోధుమ రంగు మచ్చ తేలుతుంది.

ఇనుప పని అంతటితో అయిపోయినట్టే. అసలు నైపుణ్యమంతా బిళ్లలో ఉంది. కూరగాయలు కోసే దళసరి ప్లాస్టిక్ పలక దీనికి భలే పనికొస్తుంది. డ్రిల్లుతో కన్నం వేసి, సన్న ఆకురాయితో ఆకారం దిద్దుకోవచ్చు. మట్టి లోపలికి వచ్చే వైపు కన్నం అంచును ఏటవాలుగా చెక్కాలి. మట్టి కన్నం అంచులకు రాసుకుంటూ నెమ్మదిగా కదులుతుంది, నడుమ వేగంగా జారుతుంది. అంచు మొండిగా ఉంటే ఆ తేడాకు పట్టీ పక్కలు రంపపు పళ్లలా చిరుగుతాయి. చదరపు కన్నం మూలలు మరీ వాడిగా ఉన్నా అంతే. మూలను కొంచెం గుండ్రం చేస్తే చిరగడం మానేస్తుంది. అంచుల చుట్టూ కాస్త నూనె రాస్తే ఇంకా మేలు.

బోలు గొట్టం దింపాలంటే కన్నం నడుమ ఒక దిమ్మ నిలబడాలి. దాన్ని పట్టుకోవడానికి పైన ఇనుప వంతెన కావాలి. దిగే మట్టి ఆ వంతెన దగ్గర రెండుగా చీలి, దాటాక మళ్లీ ఒకటవ్వాలి. వంతెనను బిళ్లకు దగ్గరగా పెడితే కలవడానికి మట్టికి చోటు చాలదు. బయటికి నున్నగానే వస్తుంది, ఆరేటప్పుడు సరిగ్గా ఆ గీత వెంట విచ్చుకుంటుంది. వంతెనను వీలైనంత పైకి, గొట్టం లోపలికి జరిపితే ఆ బాధ ఉండదు. కర్ణాటకలోని కుణిగల్‌లో వీనర్‌బర్గర్ ఫ్యాక్టరీ తీసే బోలు మట్టి ఇటుకల్లోని గళ్లకూ, వైర్ కట్ ఇటుకల బట్టీకీ, మా పాకలోని ప్రెస్సుకూ సూత్రం ఒక్కటే. వాళ్లకు మోటారూ, గాలి లాగేసే వాక్యూమ్ గదీ ఉన్నాయి. మనకు మోచేతులున్నాయి.

వాక్యూమ్ లేదు కాబట్టి మట్టిని మనమే దారికి తెచ్చుకోవాలి. చెరువు మట్టిని నానబెట్టి దోమతెర గుడ్డలో వడకట్టాలి. సారె మీద చిన్న గులకరాయి వేలికి తగిలితే తీసి పారేస్తాం, ప్రెస్సులో అది కన్నం అంచున ఇరుక్కుని పట్టీ పొడవునా గాడి గీస్తుంది. నత్తగుల్ల ముక్కైతే ఇంకా చెడ్డది, కాల్చాక సున్నమై, తేమ పీల్చి ఉబ్బి, పైపొరను ఎగరగొడుతుంది. వడకట్టి, తొక్కి, పిసికి, గాలి బుడగలు లేకుండా దిమ్మలు చేసి గొట్టంలోకి కొట్టి నింపాలి. బుడగ మిగిలితే కన్నం దగ్గర టప్పున పేలి పట్టీ తెగుతుంది. ఇందులో మా అన్నయ్య చెయ్యి నాకు ఎప్పటికీ రాదు. మట్టి ఎంత బిగువుగా ఉండాలో ఆయన బొటనవేలితో నొక్కి చెప్పేస్తాడు.

మూడంగుళాల వెడల్పు, అడుగున్నర పొడవున్న గొట్టంలో నాలుగు కిలోల మట్టి పడుతుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న కోడిగుడ్డు ఆకారపు కన్నంలోంచి అది పది మీటర్ల పట్టీ అవుతుంది, అరవై పైచిలుకు పిడులు. వేగం కంటే నాకు ముఖ్యమనిపించిన లాభం ఇంకొకటి ఉంది. అన్ని పిడులూ ఒకేసారి పుడతాయి కాబట్టి అన్నింటికీ తడి ఒక్కటే. ఆరిన కప్పుకు తడి పిడి అతికిస్తే కుదించుకోవడంలో తేడా వచ్చి అతుకు ఊడుతుంది. ఇప్పుడు కప్పులు గట్టిపడే వేళకు పిడులు దింపుతాం, వంచి తడి గోనె కింద పెడతాం. గోదావరి జిల్లా మే నెలలో ఆ గోనె తీసి అరగంట ఏమరితే చాలు, పిడి వంపులో పగుళ్లు.

ప్రెస్సు చేయలేనివీ ఉన్నాయి. ఈమధ్య రిసార్టులవాళ్లు గూన పెంకులు అడుగుతున్నారు. దాన్ని సారె మీద కోసుగా గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు ఉండబట్టే పెంకు మీద పెంకు ఒదిగి కూర్చుంటుంది. ప్రెస్సులోంచి దిగే గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు, ఆ ఒదుగుడు రాదు. అక్కడ సారెదే పైచేయి, సందేహం లేదు.

యంత్రం పెడితే చేతిపని విలువ పోతుందని ఒక శిక్షణ శిబిరంలో పెద్దమనిషి ఒకాయన గట్టిగా వాదించాడు. మెడలో మట్టి పూసల దండ కూడా వేసుకున్నాడు. ఆ పూసలకు ఒకే సైజు ముక్కలు ఎలా వచ్చాయని నేను అడగలేదు. సారె మాత్రం యంత్రం కాదా? అది కొత్తగా వచ్చిన రోజున చేత్తో చుట్టలు పేర్చి కుండ చేసేవాళ్లు ఏమనుకుని ఉంటారు? కరెంటు సారె మీద తీసిన కప్పును చేతిపని అని అమ్ముతూ, మనిషి బరువుతో నడిచే మీట దగ్గర మాత్రం పవిత్రత గుర్తుకు రావడం నాకు అర్థం కాదు. ఆయన వాదనలో పనికొచ్చే ముక్క ఒకటుంది, దాన్ని మా అన్నయ్య కూతురు ముందే పట్టుకుంది. "బాబాయ్, ఇలాగే అతికిస్తే ఫ్యాక్టరీ కప్పులా ఉంటుంది" అని ప్రతి పట్టీనీ తడి చేత్తో ఒక్కసారి లాగి, కింది కొసను సన్నం చేసి, బొటనవేలితో నొక్కు వేస్తుంది. మొద్దుపని ప్రెస్సు చేసింది, చివరి పని మనిషి చేసింది. ఆ లాగుడుకు పట్టేది కొన్ని క్షణాలు. రాత్రి లైటు కింద కూర్చోవడం తప్పింది.

నేను అడిగేది కొత్త పథకం కాదు. ఐటీఐల్లో ఏటా ఫిట్టర్ ట్రేడ్ పిల్లలు ఇనుప పలకలు కోసి, రాకి, చదరం చేసి, మార్కులు వేయించుకున్నాక తుక్కులో పడేస్తారు. వెల్డర్ ట్రేడ్ వాళ్లు అతికిన ముక్కలదీ అదే గతి. ఆ ఇనుము నా చేతుల మీదుగా తుక్కులోకి వెళ్లడం ఉద్యోగమంతా చూశాను. అదే పాఠానికి మట్టి ప్రెస్సును ప్రాక్టికల్ జాబుగా పెట్టండి. కోత, రాకుడు, డ్రిల్లింగు, ట్యాపింగు, వెల్డింగు అన్నీ అందులో ఉన్నాయి. గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ ఊరి మట్టికి ఎంత ఇసుక కలపాలో, ఎంత బిగువులో దింపాలో పరీక్షించి చెప్పడం వాళ్లకు పెద్ద పని కాదు. వోచరు డబ్బుతో కుమ్మరి తన మండలంలోని వెల్డింగ్ షాపులోనే ప్రెస్సు చేయించుకునే వీలు కల్పించండి. పెట్టెలో వచ్చిన యంత్రం పాడైతే పెట్టె దగ్గరే ఉండిపోతుంది, పక్కవీధి వెల్డరు చేసినదైతే సాయంత్రానికి బాగై వస్తుంది.

దీనికి కావాల్సింది ఒక డ్రాయింగు కాగితం. అది తెలుగులో ఉండాలి, కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే రాయాలి. షాపులో టేపు అంగుళాలూ చూపిస్తుంది, మిల్లీమీటర్లూ చూపిస్తుంది. పిస్టను పట్టేసిందని వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. గొట్టం లోపలి కొలత కంటే పిస్టను బిళ్ల రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలని ఆ కాగితం మీద పెద్దక్షరాల్లో వేయండి.