నీళ్లకి గుర్తుంటుంది, సరే. కోటకో?

ఏప్రిల్ 14న మా మనుబోలు వాడలో సభ అయ్యాక పిల్లలకి తెర కట్టి ఏదన్నా సినిమా వేద్దామనుకున్నాం. పిల్లలది ఒకటే మాట, ‘ఫ్రోజెన్ 2’. మా కుర్రాళ్లలో ఒకడు నిలదీశాడు. "అన్నా, అంబేడ్కర్ జయంతి రోజు తెల్లతోలు రాకుమార్తెల బొమ్మల సినిమానా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందురోజు రాత్రి ఫోన్లో ఒక్కడినే చూశాను.

రెండో భాగాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మొదటిది ఆడింది కాబట్టి బొమ్మలూ బ్యాగులూ మళ్లీ అమ్ముకోవడానికి తీస్తారు. ఇందులోనూ ఆ యావ కనపడుతుంది. మధ్యలో కథ తప్పిపోయినట్టు తిరుగుతుంది, పాటలు ఎక్కువ. తెలుగులో ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేష్ బాబు కూతురు సితార గొంతిచ్చారు కాబట్టి మన పిల్లలకి భాష అడ్డం రాదు.

కానీ ఆ ఆనకట్ట దగ్గర నాకు నిద్ర వదిలింది.

ఎల్సా, అన్నాల తాత రూనార్డ్ రాజు. అడవిలో బతికే నార్తుల్డ్రా జనానికి స్నేహం పేరుతో ఆనకట్ట కట్టించి కానుకగా ఇస్తాడు. తర్వాత కొట్లాట జరుగుతుంది, అడవి చుట్టూ పొగమంచు కమ్మి 34 ఏళ్లు మూసుకుపోతుంది. రాజ్యంలో పిల్లలకి చెప్పే కథలో అడవోళ్లే ద్రోహులు. అసలు సంగతి నీళ్లకి గుర్తుంటుంది. ఆనకట్ట కట్టింది అడవిని బలహీనం చేయడానికి. ఆయుధం లేని వాళ్ల నాయకుణ్ణి వెనకనుంచి చంపింది రాజే.

ఎవరు మొదలుపెట్టారన్న కథ ఎవరి నోట్లో ఉంటుందో మనకి తెలీనిదా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. దాన్ని ‘రెండు వర్గాల గొడవ’ అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాదిగపల్లె తాగే చెరువు నీళ్లని మురికి చేయొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మొదలు అక్కడ. 1927లో మహద్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ దోసిలితో తాగితే, ఆ చెరువుని పేడతోనూ పంచగవ్యంతోనూ ‘శుద్ధి’ చేసుకున్నారు. నీళ్లకి జ్ఞాపకం ఉంటుందని డిస్నీ వాళ్లు ఏ ఉద్దేశంతో అన్నా, నాకు మాత్రం ఈ రెండు చెరువులే కళ్లముందు ఆడాయి.

ఇంకొకటి. ఈ అక్కచెల్లెళ్ల తల్లి ఇదూనా నార్తుల్డ్రా మనిషి. శత్రువు కొడుకుని కాపాడి, అతన్నే పెళ్లాడి, తన పుట్టుక పిల్లలకి చెప్పకుండానే పోయింది. మిగిలింది ఒక శాలువా. దాని మీది అల్లిక చూసి అడవోళ్లు వీళ్లని గుర్తుపడతారు. అద్దెగది కోసం ఇంటిపేరు మింగేసినవాళ్లు, పిల్లలకి ‘మనం ఎవరం’ చెప్పడాన్ని వాయిదా వేసినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్లని తప్పుపట్టను. ఆ శాలువా దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టి కాసేపు బయట కూర్చున్నాను.

ఇక నా తగాదా చివర్లో. అన్నా ఆనకట్టని పగలగొట్టిస్తుంది. నిజం తెలిశాక పగలగొట్టాల్సిందే అంటుంది, భేష్. నీళ్లు రాజధాని మీదికి వస్తాయి. సరిగ్గా అప్పుడు ఎల్సా నీటిగుర్రమెక్కి వచ్చి వరదని ఆపేస్తుంది. కోటకి తడి కూడా అంటదు. తెర ముందు కూర్చున్న ఆరో తరగతి పిల్ల అంది, "జనమంతా ముందే కొండెక్కేశారు గదన్నా, మరి ఎవర్ని కాపాడింది?" ఒంటరిగా చూసినప్పుడు నాకు తట్టలేదు. నిజమే, ప్రాణాలేమీ పోవు. కాపాడింది ఆస్తిని. తాత తప్పు ఒప్పుకున్నారు, విగ్రహం పెట్టారు, గవ్వంత కూడా వదులుకోలేదు.

మన పెన్న మీద సోమశిల, 78 టీఎంసీల జలాశయం. దానికింద ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లకి అడ్డం ఏ నీటిగుర్రమూ రాలేదు. పట్టా ఉన్నోడికి పరిహారం లెక్కన్నా ఉంటుంది, కూలోడికి ఏ లెక్కుంటుంది?

సినిమా బయట జరిగింది సినిమాకన్నా మేలు. 2013లో మొదటి భాగానికి ఉత్తర యూరప్ ఆదివాసులైన సామీల బట్టలూ సంగీతమూ అడగకుండా వాడుకున్నారన్న విమర్శ వచ్చింది. రెండోదానికి 2019లో సామీ పార్లమెంట్లు డిస్నీతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాయి. వాళ్ల నిపుణులు సలహాలిచ్చారు, సినిమా ఉత్తర సామీ భాషలోకీ వెళ్లింది. మన డప్పుని సినిమాల్లో వాడుకునేవాళ్లు ఏ వాడకొచ్చి సంతకం పెట్టారు?

చూడొచ్చా అంటే, చూడొచ్చు. హాస్టళ్లలో వేయండి. ఆనకట్ట పగిలేచోట ఐదు నిమిషాలు ఆపి పిల్లల్ని మాట్లాడనివ్వండి. మా వాడలో ఆ ఐదు నిమిషాలు గంటకి పైనే నడిచింది.

జై భీమ్.