పెరటి కోడి – వీధి కుక్క

కృష్ణా డెల్టాలోని చుండూరు వంటి పల్లెలలో పెరటికోడి పేదయిల్లాలి చేతిసొమ్ము. గుడ్లమ్మిన పైకంతో బిడ్డల పుస్తకాలు, ఇంటి ఉప్పుపప్పులు సమకూరుతాయి. ఒక్కరాత్రి వీధికుక్కలు గూటిమీద పడితే ఆ ఆధారమంతా నేలపాలవుతుంది. అప్పుడామెకు ఆగ్రహం కలగడం సహజం. కాని ఆ ఆగ్రహం విషపుముద్దగా మారరాదు. వీధిలో వేసిన ఆ ముద్ద పసివాని చేతికి చిక్కవచ్చు. ఏ కోడిని కాపాడదలచామో ఆ కోడే దానిని పొడవవచ్చు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం అది నేరం కూడా.

రక్షణ మన పెరటిలోనే ఆరంభం కావాలి. గంపను కుక్క మూతితో ఎత్తగలదు. కనుక దానిపై బరువైన రాయి ఉంచాలి. గూటిచుట్టూ ఇనుపవలను అడుగులోతున పాతితే కుక్క త్రవ్వి దూరడం కష్టం. పొద్దుగుంకకముందే కోళ్ళను లెక్కించి మూయాలి.

అయితే భారమంతా ఆ యిల్లాలిపైనే మోపడం న్యాయమా? మాంసపు వ్యర్థాలను వీధులలో పారవేసి కుక్కలను పెంచుతున్నది మనమే. వాటి సంతాన నియంత్రణ, రేబిస్ టీకాల బాధ్యతను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు స్థానిక సంస్థలపై ఉంచాయి. శస్త్రచికిత్స, టీకా పొందిన కుక్కలను, రేబిస్ సోకినవీ క్రూరమైనవీ తప్ప, పట్టినచోటనే విడవాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. అనగా కుక్క మన వీధిలోనే ఉంటుంది. దాని సంఖ్యను అదుపు చేయవలసినది పంచాయతీ, గూటిని భద్రపరచవలసినది గృహస్థు.

కోడి చిన్నదే, దానిని నమ్ముకొన్న బ్రతుకు చిన్నది కాదు. ఆ గోడును గ్రామసభలో వినిపించడం చదువుకొన్న యువత కర్తవ్యం.